రోమ్ రాణుల కొప్పులు

మా చిన్నత్త రోమ్ చక్రవర్తుల కాలపు నాణేలు పోగుచేస్తుంది. అయితే చక్రవర్తులు ఆమెకు అక్కర్లేదు, వాళ్ల భార్యలే కావాలి. చిన్నత్తది ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే పని. ఒకసారి పాత నాణేల వర్తకుడి ఇంటికి వెళ్లి ఆయన భార్యకు జుట్టు కత్తిరిస్తుండగా, బల్ల మీద బొటనవేలి గోరంత వెండి నాణెం కంటపడింది. దాని మీద ఒక రాణి. చెవుల మీదుగా అలలు అలలుగా దిగిన జుట్టు, వెనక పెద్ద కొప్పు. అంతే, కత్తెర పక్కన పడేసి దాన్ని చూస్తూ కూర్చుందట. ఆ ఇల్లాలిని సగం తలతోనే వదిలేసి వచ్చిందని మామయ్య ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

అప్పటినుంచి వంటింటి అరలో, నీళ్లలో నానుతున్న మట్టి పట్టిన నాణేలు. సాయంత్రాలు భూతద్దం పెట్టుకుని పళ్లపుల్లతో మట్టి గీకుతుంది. మట్టి కింద నుంచి ముందు కొప్పు తేలితే ఆమె ముఖం వెలిగిపోతుంది. నాణెం మీద పక్క నుంచే కనిపిస్తుంది కదా, వెనక ఎలా ముడిచారో తెలుసుకోవడానికి పార్లర్‌లోని బొమ్మ తలకు అదే కొప్పు వేసి, విప్పి, మళ్లీ వేసేది.

తర్వాత ఆమెకు క్యాన్సర్ వచ్చింది. మందులకు జుట్టంతా ఊడిపోయింది. పార్లర్ మూసేసింది, ఇంట్లో అద్దాల మీద తువ్వాళ్లు కప్పేసింది. నాణేల పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు.

మామయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఓదార్చడం ఆయనకు చేతకాదు. ఒకరోజు పెట్టె తెచ్చి మంచం మీద పెట్టి, మొదటి రాణిని బయటికి తీశాడు.

"ఈవిడది సొంత జుట్టేనా?"

"విగ్గని కొందరంటారు," అంది అత్త గోడకేసి తిరిగి పడుకునే.

"విగ్గు పెట్టుకునే నాణేనికెక్కిందన్నమాట."

అత్త ఇటు తిరిగి, "పార్లర్‌లో బీరువా అడుగున సవరాలున్నాయి, తెచ్చిపెట్టండి," అంది.

ఓపికున్నప్పుడల్లా పడుకునే ఆ రాణి కొప్పులాంటి విగ్గు కుట్టింది. అలలన్నీ కుదిరాక పెట్టుకుంటే బరువుకు మెడ వంగిపోయింది. సగం పీకేసి మళ్లీ కుట్టింది. ఆ విగ్గుతోనే ఆసుపత్రికి వెళ్తే, పక్క మంచం ఆవిడ చేత్తో తడిమి చూసి, తనకూ ఒకటి కావాలని అడిగింది. ఆమెను చూసి ఇంకొకరు.

ఇప్పుడు అత్త ఆరోగ్యం కుదుటపడింది. జుట్టు పొట్టిగా, తెల్లగా, ఉంగరాలు తిరిగి వచ్చింది. ఆమె దానికి రంగు కూడా వేయలేదు. పార్లర్ మళ్లీ తెరిచింది. ఆసుపత్రి నుంచి ఎవరైనా వస్తే కుర్చీలో కూర్చోబెట్టి, నాణేల పెట్టె ఒళ్లో పెట్టి, "ఎవరిది నచ్చిందో చూసుకోండి, తొందరేం లేదు," అంటుంది.

మొన్న ఒక లెక్కల టీచరు వచ్చింది. నాణేలన్నీ ఓపిగ్గా తిరగేసి, చివరికి ఒకదాని మీద వేలు పెట్టింది.

"కొప్పు ఏదైనా ఫర్వాలేదమ్మా, నాకు ఈ రాణిగారి ముక్కు వస్తుందా?"

అత్త నవ్వాపుకోలేక దువ్వెన కింద పడేసింది.