విమల ఆంటీ, ఒక ఖాళీ గది

మొన్న జెర్సీ సిటీలో స్టేషన్ బయట ఆగిన కారులోంచి జమైకా వాళ్ళ రెగే పాట వినిపించింది. మాటలు అర్థం కాలేదు గానీ బేస్ గిటార్ మోత పక్కటెముకలకు తగిలింది. వెంటనే పిస్కాటవేలో విమల ఆంటీ వంటగది గుర్తొచ్చింది. చారుకు తిరగమోత వేస్తూ ఆమె ఆ సంగీతాన్నే ఇల్లదిరేలా పెట్టేవారు.

అప్పుడు నేను ఎం.ఎస్. చదువుతున్నాను. ఆంటీ ఇంట్లో మేడమీద మూడు గదుల్లో రెండింట్లో నేనూ, నా క్లాస్‌మేట్ స్వాతీ ఉండేవాళ్ళం. అరవై దాటిన ఆంటీ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని స్కూల్ బస్సు నడిపేవారు. పుట్టింది తెనాలి. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకు ఇంగ్లండులో ఫ్యాక్టరీ పని దొరికితే అక్కడికి వెళ్ళి, అక్కడే పెరిగి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చారు. ఆమె తెలుగు మాత్రం తెనాలి వీధిలోనే ఆగిపోయింది.

మూడో గదికి ఎవరినైనా చూడమని ఆంటీ మాకే అప్పగించారు. ప్రకటన చూసి మా యూనివర్సిటీలోనే చదివే గ్రేస్ అనే ఘానా అమ్మాయి వచ్చింది. "నల్లమ్మాయితో ఎందుకే, మన ఫుడ్, మన పూజలు అడ్జస్ట్ అవ్వదు," అని స్వాతి లోపల గొణిగింది. నేను గుమ్మంలో నిలబడి, "సారీ, రూమ్ అయిపోయింది," అన్నాను. నా వెనక ఖాళీ గది తలుపు తెరిచే ఉంది. గ్రేస్ అటు ఒకసారి చూసి, థాంక్స్ చెప్పి మెట్లు దిగిపోయింది.

కింద ఆంటీ అంతా విన్నారు. నన్ను వంటగదిలో కూర్చోబెట్టారు.

"నా చిన్నప్పుడు ఇంగ్లండులో మా నాన్న గది అడగడానికి నన్నూ తీసుకెళ్ళాడే. అయిపోయిందన్నారు. గది ఖాళీ అన్న బోర్డేమో కిటికీలోనే ఉంది."

పదిహేనేళ్ళప్పుడు జమైకా స్నేహితురాలితో కలిసి ఇంట్లో చెప్పకుండా, జాతి ద్వేషానికి వ్యతిరేకంగా పార్కులో పెట్టిన కచేరీకి వెళ్ళారట. జుట్టు ముళ్ళలా నిలబెట్టిన తెల్ల కుర్రాళ్ళు పంక్ పాటలు అరిచారు. అదే స్టేజీ ఎక్కి జమైకా వాళ్ళు రెగే పాడారు. చివరికి అందరూ కలిసి పాడారు.

"పాటలతో ద్వేషం పోతుందా ఆంటీ?"

"పోదే. మర్నాడూ మా గోడమీద బూతులు రాశారు. కానీ చెరపడానికి ఇద్దరు పంక్ పిల్లలు బ్రష్షులు పట్టుకొచ్చారు. రాసినవాళ్ళలో ఒకడు ఆ పిల్లల్లో ఒకడికి సొంత అన్న. ఎవరింట్లో వాళ్ళతో వాళ్ళే పోట్లాడాలమ్మాయ్. నువ్వు మాత్రం నా ఇంట్లోనే ఆ అయిపోయిందన్న మాట అన్నావు."



మర్నాడు లైబ్రరీలో గ్రేస్‌ను వెతికి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. "తెలుసు. గది కనిపించిందిగా," అంది. తనకు వేరేచోట దొరికిందని చెప్పి పుస్తకంలోకి తల దించుకుంది. ఏడుస్తూ ఇంటికొచ్చాను.

"ఆమె క్షమించలేదు ఆంటీ."

"నీకు మార్కులు వెయ్యడం ఆ పిల్ల పనా? గది ఇంకా ఖాళీగానే ఉంది. ఇప్పుడేం చేస్తావో చూడు."

మొదట అడిగినవాళ్ళకే ఇస్తామని ప్రకటన మళ్ళీ రాశాను. హైతీ నుంచి వచ్చిన నర్సింగ్ విద్యార్థిని చేరింది. స్వాతి నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆంటీ పోయి రెండేళ్ళయింది. ఇప్పటికీ మనవాళ్ళ ఇళ్ళల్లో భోజనాల దగ్గర ఎవరో ఒకరు, "ఆ ఏరియాలో ఇల్లు కొనకండి, అంతా వాళ్ళే," అంటుంటారు. "వాళ్ళంటే ఎవరండీ?" అని అడుగుతాను. అందరూ కంచాల్లోకి చూస్తారు. నేను మాత్రం జవాబు వచ్చేదాకా, ఆ మాట అన్న మనిషి ముఖంలోకే చూస్తూ కూర్చుంటాను.