ఓడ నడిపిన మా మరిది

మా మరిది నాగసుబ్బయ్య సముద్రం చూసి వచ్చాడు. పుట్టి చేసిన ఘనకార్యం అదొక్కటే. సముద్రాన్ని చూడటానికి పెద్దగా కష్టపడక్కరలేదు, మద్రాసుకు పోతే అది దారికడ్డంగానే ఉంటుందట. కానీ అప్పట్లో మా బేతంచెర్ల వీధిలో దాన్ని చూసినవాడు మరొకడు లేడు. అందుకని వాడు చెప్పిందే సముద్రం, వాడు చెప్పిందే ఓడ అయి కూర్చుంది.

కరువు ఏట పెళ్ళాన్ని నా కొంగుకు కట్టి పోయాడు. పోయినవాడు ఉన్నాడో లేడో కూడా తెలియదు. కర్నూలు రాజధాని అయిన ఏడు, ఎండాకాలం మధ్యాహ్నం రైలు దిగి, నెత్తిన నల్లటి టోపీతో వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళకు వచ్చిన మనిషి అడిగిన మొదటి మాట ఏమిటంటారా?

"వదినా, కాఫీ ఉండాదా?"

మా ఇంట్లో అప్పటికి కాఫీ ఎవరూ ఎరగరు. "సద్దిసంగటి ఉండాది, కాళ్ళు కడుక్కో" అన్నాను.

వాడి పెళ్ళాం పుల్లమ్మ అప్పుడు గనిలో ఉంది. మా ఊరి గనుల్లో నేలను పొరలు పొరలుగా లేపి నాపబండలు తీస్తారు. తీసేది మగవాళ్ళు, నెత్తిన పెట్టుకొని లారీ దాకా మోసేది ఆడవాళ్ళు. కబురు పోతే, నెత్తి మీది బండ దించేసి, తెల్లటి పొడి తలవెంట్రుకల్లో ఉండగానే వచ్చింది. వాకిట్లో నిలబడి మొగుణ్ణి చూసి, మాట రాకముందే దగ్గు వచ్చి దగ్గింది.

"ఇదేం దగ్గు?" అన్నాడు వాడు.

"నువ్వు పంపిన దుడ్లతో కొనుక్కునింది" అన్నాను నేను.

మా ఆయన నోరులేని మనిషి. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనడు. ఆ లోటు నేనే తీర్చేదాన్ని.

నంద్యాల డాక్టరు పుల్లమ్మ రొమ్ము మీద గొట్టం పెట్టి చూసి, ఆ బండల పొడిలో ఇంకా తిరిగితే ఊపిరి మిగలదని తేల్చి చెప్పాడు. ఆమె గని మానాలంటే ఈయన ఏదో ఒక పనికి పోవాలి. ఇంతే సంగతి. కానీ మా వాడు సేద్యానికి పోడు, మట్టి అంటుతుంది. కొట్లో కూర్చోడు, తూకం చేతకాదు. గనికి అసలే పోడు, ఓడ నడిపిన చేతులతో రాళ్ళు పడతాడా?

అరుగు మీద చేరగిలబడి ఓడ కథలు చెప్పడమే వాడి ఉద్యోగం. పుల్లయ్య, తిమ్మయ్య అని ఇద్దరుండేవారు, పనిలేనివాళ్ళు. పనిలేనివాడు ఒకడు నోరు తెరిస్తే ఇద్దరు చెవులు తెరుస్తారు.

"ఓడ కడుపులో పొయ్యిలుంటాయప్పా" అని మొదలుపెట్టేవాడు. "పొయ్యి నోట్లో మనిషి దూరొచ్చు. ఆ పొయ్యి సుట్టూ నీళ్ళు, నీళ్ళ నడుమ ఇనప గొట్టాలు. నిప్పుసెగ ఆ గొట్టాల్లో దూరి పోతాంటాది, సుట్టూ ఉండే నీళ్ళు తెర్లుతాంటాయి."

"ఆవిరి యాడికి పోతాది మరి?" అనేవాడు తిమ్మయ్య.

"పోనిస్తే కదా! దావ లేక లోపలే గుమిగూడి, కట్టేసిన కోడెమాదిరి బుసకొడతాంటాది. అప్పుడు దాన్ని సన్న గొట్టంలోంచి ఇంజనులోకి ఇడిస్తారు. ముందు సిన్న సిలిండరు. ఆడ ఒక తోపు తోసి నీరసపడతాది. నీరసపడినదాన్ని నడిమి సిలిండరులోకి, ఇంకా నీరసపడితే పెద్దదాంట్లోకి. బలం తగ్గేకొద్దీ పెద్ద ఇల్లు ఇస్తారు దానికి. మూడు తోపులకూ కలిపి ఓడ ఎనకాల రెక్కలు గిర్రున తిరుగుతాయి."

"ఆ తరువాత గాల్లో కలిసిపోతాదా?" అన్నాడు పుల్లయ్య.

"పిచ్చోడా! ఆవిరిని ఇడిసేస్తే మళ్ళీ మంచినీళ్ళు ఎవరిస్తారు నీకు నడి సముద్రంలో? సముద్రపు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకొని బాయిలరు పగులుతాది. అందుకని సల్లటి సముద్రపు నీళ్ళు పారే గొట్టాల మీదికి తోల్తారు ఆవిరిని. సల్లదనం తగిలిందంటే మళ్ళీ నీళ్ళే. ఆ నీళ్ళే మళ్ళీ బాయిలరులోకి."

నేను లోపల రాగులు విసురుతూ వింటూనే ఉన్నాను. ఒకచోట తోసి తోసి నీరసపడితే ఇంకో చోటికి, అక్కడా అయిపోతే ఇన్ని చన్నీళ్ళు తగిలించి మళ్ళీ మొదటి చోటికే. ఇది ఎరగనివాళ్ళు ఉమ్మడి ఇంటి కోడళ్ళలో ఎవరున్నారు? దీనికోసం సముద్రం దాకా పోవాలా?

"లంగరు లాగేది ఆవిరే, మూటలెత్తేది ఆవిరే, సుక్కాని తిప్పేది ఆవిరే. వంటింట్లో అన్నం ఉడికేది కూడా ఆవిరి గొట్టంతోనే" అన్నాడు వాడు.

ఇక ఊరుకోలేక బయటికి వచ్చాను. "అన్ని పనులూ ఆవిరే చేస్తాంటే నువ్వేం చేస్తాంటివప్పా ఆడ?"

పుల్లయ్య పగలబడి నవ్వాడు. మా వాడు మాత్రం తొణకలేదు. "ఆ ఆవిరిని చేసేది నేనే గదా వదినా" అన్నాడు.

ఈ మాట మునిరత్నం శెట్టి చెవిన పడింది. స్టేషను దగ్గర ఆయనకు శనక్కాయల మిల్లు ఉండేది. ఆవిరి ఇంజను, దానికొక బాయిలరు. కాయల పొట్టే దానికి కట్టెలు. దాన్ని చూసుకునే మహానందికి కంటి చూపు మందగించింది. కొత్త డ్రైవరును గుంతకల్లు నుంచి పిలిపిస్తే జీతం ఎక్కువ అడుగుతాడని శెట్టి దిగులు. పక్క వీధిలో ఓడ నడిపినవాడు అరుగు మీద ఉచితంగా పడి ఉన్నాడని తెలిసేసరికి ఆయనే నడిచి వచ్చాడు. అంతకు ముందు మా వాకిలి ఎటుందో కూడా ఆయనకు తెలియదు.

"సర్టిఫికెట్టు ఉండాదా నాగసుబ్బయ్యా?"

"ఉన్నింది. సముద్రంలో మునిగిపాయ."

"ఓడ మునిగిందని ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాను.

"ఓడ మునగల్యా వదినా, పెట్టె మునిగింది."

శెట్టి నమ్మాడు, మర్నాడే పనిలోకి రమ్మన్నాడు. తక్కువకు వచ్చేదాన్ని నమ్మడం ఆయనకు అలవాటు.

పుల్లమ్మ ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి కూర్చుంది. "అక్కా, రేపట్నుంచి గనికి రానని మేస్త్రీకి సెప్పేసినా" అంది.

"తొందరేం వచ్చిందే? మిల్లు పొయ్యి రాజుకున్నాక చెప్పకూడదా?"

"సెప్పేసినా" అంది మళ్ళీ, చిన్నపిల్ల జాతరకు పోతున్నంత సంబరంగా. తన చోట వేరే ఇద్దరిని చూసుకోమన్నట్టు కూడా చెప్పింది. ఇద్దరి బరువు మోసేది మరి.

మరుసటి ఉదయం మిల్లు దగ్గర తిరునాళ్ళే. ఓడ నడిపినవాడు మిల్లు ఎట్లా నడుపుతాడో చూడాలని పనీపాటా మానుకొని వచ్చారు జనం. మహానంది ఒక గోనెసంచి మీద కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. మా వాడు బాయిలరు చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచాడు.

"ఒక తోపు తోసినాక ఆవిరిని గాల్లోకి ఇడిసేస్తాండారే! శానా దండగ."

"నీళ్ళు బావిలో ఉండాయిలేప్పా, నువ్వు మంట పెట్టు" అన్నాడు శెట్టి.

మంట పెట్టాడు. పార పట్టడం మాత్రం చూడవలసిందే. పొట్టును పొయ్యి నోట్లోకి విసిరితే ఒక్క పొల్లు కింద రాలలేదు. జనం 'అబ్బా' అన్నారు. పుల్లమ్మ నా చేయి పట్టుకుంది.

నాకు మాత్రం ఆ టోపీ, ఆ విసురు చూస్తుంటే ఒళ్ళు మండింది. ఇంట్లో దాహమేస్తే కడవలో నీళ్ళున్నాయో లేవో తొంగి చూసుకోని మనిషి వాడు. పుల్లమ్మ ముంచి ఇవ్వాల్సిందే.

"లోపల నీళ్ళుండాయో లేదో సూసినావా నాయనా?" అన్నాను.

"సూడకుండా పెడతానా వదినా? అదో, ఆ గాజుగొట్టం సూడు. నిండా ఉండాయి."

బాయిలరు ముందు ఒక గాజుగొట్టం నిలువుగా ఉంది. లోపల నీళ్ళెంత ఎత్తున ఉంటే అందులోనూ అంతే కనిపిస్తుంది.

మహానంది బీడీ నోట్లోంచి తీశాడు. "ఎట్ల కనపడతాండాయి?"

"పైదంకా, తెల్లగా, పాలమాదిరి."

"నీళ్ళు తెల్లగా ఉంటాయేమిరా?"

మహానంది లేచి, తడుముకుంటూ వచ్చి, మా వాణ్ణి మోచేత్తో పక్కకు తోసి, గొట్టం కింద ఉండే కొళాయి తిప్పాడు. నీళ్ళు రావలసిన చోట ఉఫ్ మని వేడిగాలి వచ్చింది. పిల్లి తుమ్మినట్టు. చుక్క లేదు.

"నిప్పు లాగండిరా! లాగండి బయటికి, మాడిపోతాది!"

కూలీలు ఇనపకొక్కేలతో మంటను బయటికి ఈడ్చారు. జనం పరుగు. అందరికంటే ముందు శెట్టి, కాయల మూటల మీదుగా దుమికి, ఆ వయసులో. మూటలకు ఏమైనా అవుతుందేమోనని ఒక్కసారి వెనక్కి తిరిగి మరీ చూశాడు.

ఏమీ పగల్లేదు. ఇంకాసేపు మండి, అప్పుడెవడైనా కంగారుపడి చన్నీళ్ళు పోసి ఉంటే మిల్లుతో పాటు మా వీధి సగం లేచిపోయేదని మహానంది తరువాత చెప్పాడు. మా ఊరి నేలంతా సున్నపురాయి. ఆ బావినీళ్ళు కాచిన ప్రతి గిన్నెకూ లోపల తెల్లగా పొలుసు కడుతుంది. గాజుకూ అదే కట్టింది. కిందిదాకా సున్నమే. ఈ ఊళ్ళో పుట్టి, గిన్నెలో సున్నాన్నీ నీళ్ళనూ వేరు చెప్పలేనివాడు ఒక్కడంటే ఒక్కడే ఉన్నాడు. వాడు మా మరిది కావడం మా ఇంటి పుణ్యం.

"నిజం సెప్పు. ఓడలో నీ పనేది?" అన్నాడు మహానంది.

నాగసుబ్బయ్య చేతిలో పార ఇంకా అట్లాగే ఉంది. "బొగ్గు మోస్తి" అన్నాడు.

"గట్టిగా సెప్పు, శెట్టికి ఇనపడాల."

"బొగ్గు మోస్తిని. ఓడ అడుగున సీకటి కొట్టులో ఉంటాది బొగ్గు. గంపకెత్తి పొయ్యి కాడ పోసేది, మళ్ళీ కొట్టులోకి పోయేది. మంట ఏసేటోడు వేరే, నీళ్ళు సూసేటోడు వేరే. నన్ను ఆ గాజు కాడికి ఎన్నడూ రానియ్యల్యా."

"మరి సిలిండర్లు, సుక్కాని?" అని అడిగాడు తిమ్మయ్య పాపం. వాడికి కథ పోతున్నదని బాధ.

"మా మీద పెద్దోడు ఒకడుండె. కూడు తినేటప్పుడు సెప్తాండె, నేను ఇంటాంటి."

శెట్టి మూటల వెనక నుంచి వచ్చాడు. ప్రాణం కుదుటపడగానే ఆయనకు లెక్క గుర్తొచ్చింది. గుంతకల్లు డ్రైవరును పిలిపించక తప్పదు, కాబట్టి ఇంకెక్కడైనా తగ్గించుకోవాలి. "పొట్టు మోసే కూలీ ఒకడు తక్కువుండాడు. వస్తావా?" అన్నాడు.

"సముద్రం దాటినోణ్ణి, పొట్టుగంప ఎత్తాల్నా?" అన్నాడు మా వాడు. అంత జరిగినా ఆ మాట అనగలిగాడు చూడండి!

నేను నోరు తెరిచేలోపే పుల్లమ్మ నా చేయి వదిలి ముందుకు నడిచింది. కింద ఉన్న గంపలోకి రెండు చేతులా పొట్టు ఎత్తి నింపింది. ఆ పొడికి దగ్గు వచ్చింది. వంగి దగ్గి, దగ్గి, లేచి నిలబడింది. చుట్టూ జనం ఉన్నారని ఆమెకు పట్టలేదు.

"బొగ్గు మోస్తినని నాకు ముందే సెప్పింటే ఏమయ్యేది? నేను బండలు మోయల్యా? నేనేమన్నా నవ్వేదాన్నా?"

వాడు పారను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మేస్త్రీకి సెప్పేసినా. నేను పోను" అంది. "ఎత్తుకో."

వాడు శెట్టిని చూశాడు, మహానందిని చూశాడు, నన్ను చూశాడు. నా ముఖంలో వాడికి ఏ సాయమూ దొరికి ఉండదు. పార కింద పెట్టి, వంగి, గంప ఎత్తుకున్నాడు. గంప తొణకలేదు. మోయడం మాత్రం వాడికి వచ్చు.

తరువాతి రోజు పొద్దెక్కినా పుల్లమ్మ లేవలేదు. లేపుదామని పోయి ఊరుకున్నాను. గనికి పోయే ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి పిలిచారు.

"రాదు. ఆమె మొగుడు పనికి పోయినాడు" అని చెప్పి పంపేశాను.