చిక్కప్ప పడవకు ఇంజిను చూడబోయి

మా నాన్న తమ్ముణ్ణి మేం చిక్కప్ప అనేవాళ్లం. మంత్రాలయానికి దగ్గర్లో, తుంగభద్ర ఒడ్డున ఆయన కాపురం. గుడికి తులసి, పూలు ఇచ్చే పని మా ఇంటివాళ్లది. ఇల్లు ఈ ఒడ్డున, పూలతోట ఆ ఒడ్డున. వానాకాలంలో ఏరు నిండితే గుండ్రటి వెదురు పుట్టిలో దాటాల్సిందే. పుట్టివాళ్లు చిక్కప్పను కావాలనే చివరి విడతకు ఆపేవాళ్లు. ఆయన ఎక్కాడంటే దారి పొడుగునా వాళ్లకు పుట్టి నడపడం నేర్పేవాడు మరి.

ఆ సతాయింపు పడలేక, ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం సొంతానికి చెక్క పడవ చేయించుకున్నాడు. తెడ్డు వేసే ఓపిక లేదు కాబట్టి ఇంజిను కావాలన్నాడు. ఆదోనిలో ఒక పత్తి దళారి ఇంట్లో పడవ ఇంజిను అమ్మకానికి ఉందని ఎవరో చెప్పారు. హొస్పేట డ్యాములో చేపలు పట్టించే కాంట్రాక్టరు దగ్గర ఆ దళారి దాన్ని కొన్నాడట. నీళ్లకు కటకటలాడే ఆదోనిలో దానితో ఏం చేద్దామనుకున్నాడో ఎవరికీ తెలియదు.

అప్పుడు నేను ఎమ్మిగనూరులో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. చిక్కప్ప బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"పాపా, నువ్వు పిల్లోళ్లకు ఇంజిను పాఠం సెప్తావు కదా. రా, ఆదోనికి పోదాం. బాగుందో లేదో సూసి సెప్పు."

"బోర్డు మీద బొమ్మ గీస్తాను చిక్కప్పా. నిజం ఇంజిను మీద యాడ చెయ్యి పెట్టినాను?"

"బొమ్మ గీసేటోళ్లకు లోపల ఏముందో తెలుస్తాది కదా!"

ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. పోనీ పడవకు తగిలించి నడిపి చూద్దామంటే ఏట్లో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. ఏం చెయ్యాలో తెలియక, నా మోపెడ్ బాగుచేసే మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. బస్టాండు పక్కన ఆయన షెడ్డు. నా కథంతా విని, గడియారం లాంటి ముఖానికి గొట్టం తగిలించిన గేజీ ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇంజిను బలమంతా సిలిండరు బోరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటాదో దాంట్లో ఉంటాది మేడమ్. దాన్నే కంప్రెషను అంటారు, కొలిచేది ఇది. ముందర ఇంజిను కొంచేపు నడిపి వేడి సెయ్యల్ల. తర్వాత ప్లగ్గులు రెండూ పీకెయ్యల్ల. వాటి వైర్లు ఇంజిను ఇనుముకు ఆనించి పెట్టల్ల, లేకుంటే నిప్పురవ్వలు లేస్తాయి. ఎక్సిలేటర్ పూరా తెరవల్ల. గాలే పోకుంటే ముల్లు యాడ లేస్తాది? ముల్లు ఇంక లెయ్యనన్న దాకా తాడు గుంజల్ల. రెండు సిలిండర్లకూ ఒకే తీరు గుంజల్ల. రెండూ కవలపిల్లోళ్ల మాదిరి ఉంటే మంచిది."

"ఒకటి ఎక్కువుంటే?"

ఆయన నవ్వాడు. "పాత ఇంజినుకు కొత్త బలం యాడ నుంచి వస్తాది మేడమ్? లోపల ఆయిల్ పోసింటారు. ఇంజిను నడిచి ఆ ఆయిల్ కాలిపోయేదాకా పిస్టన్ రింగుల సందులు మూసుకుంటాయి, ముల్లు జోరుగా లేస్తాది."

మరుసటి ఆదివారం ఇద్దరం ఆదోని చేరాం. దళారి ఇంటి ముందు పత్తి గోదాము, దాని వసారాలో మందపాటి చెక్కకు బిగించిన ఇంజిను. దళారి పెద్దాయన నులక మంచం మీద విసనకర్రతో కూర్చుని ఉన్నాడు. బేరం మాత్రం ఆయన అల్లుడి చేతిలో ఉంది. అల్లుడు తెల్లటి గంజి చొక్కా, తెల్లటి ప్యాంటు వేసుకుని, అత్తరు ఘుమాయిస్తూ పెళ్లికి వెళ్లేవాడిలా నిలబడ్డాడు.

"ఈయమ్మ ఎవురు సామీ?" అని అడిగాడు.

"మా అన్న కూతురు. ఇంజిన్ల డాక్టరు," అన్నాడు చిక్కప్ప తడుముకోకుండా.

ఇంక వెనక్కి తగ్గే దారి లేదు కాబట్టి డాక్టరు మొహమే పెట్టాను. "డ్రమ్ములో నీళ్లు పోసి, ఇంజిను కింది భాగం ముంచి, కొంచెంసేపు నడపాలి. వేడెక్కాక చూస్తాను," అన్నాను.

"తాగేటందుకే నీళ్లు లెవ్వు డాక్టరమ్మా. ఇంజినుకు స్నానం యాడ సేయించల్ల?"

మంచం మీది పెద్దాయన, "పొద్దున కొళాయి వచ్చె కదప్పా, తొట్టి నిండా ఉండాయి," అన్నాడు. అల్లుడికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. అంత పొడుగు దగ్గు నేను తర్వాత ఎన్నడూ వినలేదు.

సరే, చల్లగానే చూద్దామన్నాను. ప్లగ్గులు రెండూ తీసి, వైర్లు ఇనుముకు ఆనించి, ఎక్సిలేటర్ పూర్తిగా తెరిచాను. పైసిలిండరుకు గేజీ బిగించాను. చిక్కప్ప ముందు నిలబడి తాడు లాగాడు. ముల్లు మెట్టు మెట్టుగా లేచి ఒకచోట ఆగింది. పాత ఇంజినుకు అది మర్యాదైన చోటే. తర్వాత కిందిదానికి బిగించాను. ముల్లు ఒక్క ఊపున పైకి ఉరికి, మొదటి గుర్తు దాటి చాలా దూరం పోయింది.

"సూసినారా సామీ! ఇది ఇంకా గట్టిది," అన్నాడు అల్లుడు.

"భలే ఉందప్పా!" అని చిక్కప్ప సంబరపడిపోయాడు. బేరం తేల్చేద్దామని నోరు తెరవబోతున్నాడు కూడా.

గేజీ విప్పాను. గొట్టం కొన నుంచి తేనె రంగులో కొత్త ఆయిల్ చిక్కగా జారింది. నాకు మెకానిక్కు నవ్వు గుర్తొచ్చింది. ఉన్న మాట అక్కడే అనేయొచ్చు. కానీ అల్లుడు ఇందాక 'డాక్టరమ్మా' అన్న తీరు నాకు నచ్చలేదు.

"ఇంకొక్కసారి చూడాలండీ," అన్నాను వినయంగా. "లాగేటప్పుడు ఇంజిను ఊగుతోంది. మీరు వెనక వైపు వచ్చి రెండు చేతులా గట్టిగా పట్టుకోండి."

ఆ ఇంజినుకు ప్లగ్గు రంధ్రాలు వెనక వైపే ఉంటాయి. అల్లుడు మారుమాట లేకుండా వచ్చి దాన్ని ప్రేమగా కావలించుకున్నాడు.

"చిక్కప్పా, ఈసారి బలంగా లాగు. ఆపొద్దు."

లాగాడు. ఏటి గాలిలో పెరిగిన చేతులవి. గేజీ లేని కింది రంధ్రంలోంచి ఆయిల్ పిచికారీ కొట్టినట్టు వచ్చి అల్లుడి పొట్టకు తగిలింది. అతను వదిలేసి వెనక్కి గెంతేలోపు రెండో పిచికారీ ప్యాంటుకు, మూడోది చేతికి. చిక్కప్ప ముందు వైపు ఉన్నాడు కాబట్టి ఏమీ కనబడక, ఆపొద్దన్నానని లాగుతూనే ఉన్నాడు.

పెద్దాయన విసనకర్ర కింద పడేసి నవ్వాడు. "అల్లుడూ, ఇంజినుకు స్నానం వద్దంటివి, నీకే ఆయె కదప్పా!"

రంధ్రం తుడిచి మళ్లీ గేజీ పెడితే, ముల్లు సగం దారిలోనే కూలబడింది.

"అది... తుప్పు పట్టకుండా పోసినాము," అన్నాడు అల్లుడు చొక్కా దులుపుకుంటూ.

నేను ఏదో అనబోయాను. చిక్కప్ప నన్ను కళ్లతోనే ఆపాడు. "మంచి పని సేసినావప్పా. ఇంజిను మీద ఇంత ప్రేమ ఉన్నోడు యాడ దొరుకుతాడు! అదే చేత్తో రింగులు కూడా నువ్వే మార్పించు," అన్నాడు అతి మెత్తగా.

"మార్పిస్తాడు," అన్నాడు పెద్దాయన, అల్లుడి వైపు చూడకుండానే.

వారం గడిచాక మళ్లీ వెళ్లాం. ఈసారి పెద్దాయన దగ్గరుండి డ్రమ్ము నింపించాడు. ఇంజిను నడిపి, వేడెక్కాక కొలిస్తే రెండు సిలిండర్లకూ ముల్లు దాదాపు ఒకేచోట ఆగింది. అల్లుడు ఆ రోజు ఊళ్లో లేడని చెప్పారు. గోదాము కిటికీలోంచి అత్తరు వాసన మాత్రం వచ్చింది.

వానలు పడి ఏరు వచ్చాక చిక్కప్ప కబురు పంపాడు. నన్ను పడవ ముందు భాగంలో కూర్చోబెట్టుకుని తాడు లాగాడు. మొదటి ఊపుకే ఇంజిను అందుకుంది. పుట్టివాళ్లు ఆ ఒడ్డున వరసగా నిలబడి చూస్తున్నారు. వాళ్ల వైపు చెయ్యి ఊపడానికి తిరిగిన చిక్కప్ప, ఎదురుగా నీళ్ల కిందున్న ఇసుకమేటను చూడలేదు. పడవ దాని మీదికెక్కి కూర్చుంది. నేను దాదాపు ఏట్లో పడ్డాను.

పుట్టివాళ్లు ఈలలు వేసుకుంటూ వచ్చి పడవను పట్టి నెట్టసాగారు. అందులో పెద్దవాడు అడిగాడు, "ఏం సామీ, ఇంజిను సెడిపాయెనా?"

చిక్కప్ప పంచె తడవకుండా ఎత్తి పట్టుకుని, పడవలోనే నిలబడి జవాబిచ్చాడు. "ఇంజినుకేం రోగం రా? మా పాప గేజీ పెట్టి సూసింది, కంప్రెషను సరిగ్గుంది. ఈ ఏటికే తక్కువాయె. ఆ ఎడమ పక్క నెట్టు, నీకు నెట్టేది కూడా నేనే నేర్పల్ల!"