రాహేలు టీచరు గారు, నా నడుం మిషను

నడుం మిషనుకి కొత్త ప్యాడ్ల కవరు చింపగానే ఒక వాసన వస్తుంది. రబ్బరు చెప్పులకీ ఆసుపత్రి వరండాకీ మధ్య ఎక్కడో ఉండే వాసన. పైపొర ఒలిచి నడుముకి అతికించుకుంటే చల్లదనానికి ఒళ్లు ఒక్కసారి జలదరిస్తుంది. మిషను ఆన్ చేశాక చర్మం కింద చీమలు పాకుతున్నట్టు సన్నగా కరెంటు. ఆదివారం మధ్యాహ్నం ఇలా బోర్లా పడుకున్నప్పుడల్లా నాకు రాహేలు టీచరు గారు గుర్తొస్తారు.

బెంజ్ సర్కిల్ దగ్గర మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్లో ఆవిడది మా కింది అంతస్తు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. మోకాళ్లు అరిగిపోయినా ఆదివారం తెల్లచీర కట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి చర్చికి వెళ్లేవారు. నాకు బాబు పుట్టాక నడుంనొప్పి పట్టుకుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఆ మాట ఇంట్లో అందరికీ ఊరటనిచ్చింది, నాకు తప్ప. "మేమూ కన్నాం పిల్లల్ని, లేచి పనులు చేసుకోలేదా?" అనేవారు అత్తయ్య. కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక. నాకేమో కంకిపాడులో స్కూలు ఉద్యోగం, రోజూ బస్సు ప్రయాణం. సాయంత్రం ఇంటికి రాగానే బాబు చేతులు చాపితే ఎత్తుకోలేక, పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని.

ఒకరోజు మెట్ల మీద కదల్లేక ఆగిపోతే టీచరు గారు తలుపు తీశారు.

"ఎక్కడమ్మా నొప్పి?"

చూపించాను. ఆవిడ నమ్మారు. ఎవరైనా నమ్మితే ఇంత ఏడుపు వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. వ్యాయామాలతోపాటు చిన్న కరెంటు మిషను వాడి చూడమని ఫిజియోథెరపిస్టు చెప్పారనీ, ఆ సంగతి ఇంట్లో ఎత్తలేకపోతున్నాననీ చెప్పాను.

"శనివారం గవర్నర్‌పేట వెళ్దాం పద," అన్నారు.

అక్కడ ఇలాంటి మిషన్లమ్మే సర్జికల్ షాపు మెట్లు ఎత్తు. నా భుజం పట్టుకుని ఎక్కారు. షాపాయన కొత్తది ఒకటి, ఎవరో వాడి తిరిగిచ్చింది ఒకటి బల్లమీద పెట్టాడు. నా చూపు పాతదాని మీదే. నా నొప్పికి అది చాలనిపించింది.

"పాతదైనా బాగానే పనిచేస్తుందండీ," అన్నాడాయన.

"పెట్టి చూపించండి," అన్నారు టీచరు గారు.

నా ముంజేతికి ప్యాడ్లు అతికించి బటన్ తిప్పాడు. ఏమీ తెలియలేదు. ఇంకాస్త తిప్పేసరికి ఒక్కసారిగా కొట్టినట్టయింది. చెయ్యి లాక్కున్నాను. వైరు ఎక్కడో వదులైందని ఆయనే ఒప్పుకుని, దాన్ని పక్కన పెట్టేశాడు. కొత్తది పెడితే మెల్లగా, చెప్పినట్టు వింటూ వచ్చింది కరెంటు.

"మీరు కూడా చూడండి మేడమ్, మోకాళ్లకి హాయిగా ఉంటుంది."

టీచరు గారు ఒకడుగు వెనక్కి వేశారు. "నాకొద్దండీ. నా గుండెకి పేస్‌మేకర్ ఉంది. ఈ మిషన్లు పెట్టుకోకూడదన్నారు మా డాక్టరు గారు."

అంతకాలం ఆవిడ నెత్తిమీదే కాపురముంటూ నాకా సంగతి తెలియదు. తను వాడుకోలేని వస్తువు కోసం ఆ మోకాళ్లతో నా వెంట వచ్చారావిడ.

మొదటిసారి వాళ్లింట్లోనే పెట్టుకున్నాను. ఆవిడ కాస్త దూరంగా కూర్చుని, ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ బీరకాయలు చెక్కుతున్నారు. ఎంత పెంచితే అంత పనిచేస్తుందనుకుని పళ్లు బిగించి పెంచుకుంటూ పోయాను. నా మొహం చూసి చాకు పక్కన పెట్టారు.

"ఎంత ఓర్చుకుంటావో చూడ్డానికి కాదమ్మా అది. హాయిగా ఉన్నచోట ఆపు."

తగ్గించాను. నొప్పి పూర్తిగా పోలేదు, ఇప్పటికీ పోలేదు. కానీ ఆ సాయంత్రం బాబుని ఎత్తుకుని కిటికీ దాకా నడిచాను.

"మరి మీ మోకాళ్లు?" అని తర్వాత అడిగితే, "వేడినీళ్లున్నాయిగా," అన్నారు. అప్పట్నుంచి గుడ్డ తడిపి కాపడం నేనే పెట్టేదాన్ని. మొదట్లో కాళ్లు ముడుచుకునేవారు. "చేయించుకోవడం నాకు రాదమ్మాయ్," అని సిగ్గుపడేవారు. పోనుపోను, నేను వచ్చేసరికి గిన్నె సిద్ధంగా పెట్టుకుని కూర్చునేవారు. ఒక వేసవిలో, నిద్రలోనే, ఆ గుండె ఆగిపోయింది.

ఆ తర్వాతి వానాకాలంలో వంటింట్లో అత్తయ్య గట్టు పట్టుకుని కదల్లేక నిలబడి ఉన్నారు. పొయ్యి మీద పోపు మాడుతోంది. స్టవ్ ఆపాను.

"ఎక్కడ అత్తయ్యా?"

"ఏంలేదులే."

నేను అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్లి నడుం మీద ఆగింది.

"మీ ఆయన పుట్టినప్పట్నుంచీ," అన్నారు. "ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వానకి రోడ్డంతా గుంతలు. ఆటో కుదిపినప్పుడల్లా ఆవిడ నడుం వెనక నా చెయ్యి అడ్డం పెడుతూ కూర్చున్నాను. కొంతదూరం పోయాక ఆవిడ బిగపట్టుకున్న ఒళ్లు వదిలేసి, ఆ చేతికి ఆనుకున్నారు.