భుజాల దేవుడు

మొన్న మానుకోటలో మా కాలేజీ బోర్డు మీద తారీఖు రాద్దామని చెయ్యి లేపితే కుడి భుజం సగంలోనే ఆగిపోయింది. పళ్ళు బిగవట్టి పిల్లల దిక్కు తిరిగితే, నాకు కోపం వచ్చిందనుకొని వెనుక బెంచీ దాకా అందరూ పుస్తకాలు తెరిచిన్రు. నా మొఖానికి ఆ పేరు ముందునుంచే ఉన్నది, నేనేం సర్దిచెప్పలే. తారీఖు బోర్డు నడుమనే రాసి పాఠం మొదలువెట్టిన. కానీ గంట కొట్టేదాకా నా మనసంతా మా అత్తమ్మ భుజం మీదనే ఉన్నది.

అప్పుడు మేము నర్మెట్టలో అత్తగారింట్లో ఉండేవాళ్ళం. అత్తమ్మకు అరవై దాటినయి. ఒక చలికాలం ఆమె కుడి భుజం పట్టేసింది. అన్నం కలుపుకుంటది, కూరగాయలు కోస్తది, చెయ్యి ఊపుకుంట నన్ను తిడతది. కొప్పు ముడి వేసుకుందామంటే మాత్రం చెయ్యి పైకి లేవది. పుట్టి బుద్ధెరిగినకాణ్నుంచి తన తల తనే దువ్వుకున్న మనిషి, రోజూ పొద్దున కోడలి ముందర తల వంచుకొని కూసోవాల్సి వచ్చింది. ఆమెకు అంతకంటే పెద్ద కష్టం లేదు. నాకూ లేదు. "తల దువ్వుతున్నవా, చిక్కుడు తీగ పీకుతున్నవా?" అనేది. "నచ్చకుంటే ఏములాడ గుడికి పోయి తలనీలాలిచ్చి రా" అనేదాన్ని. "ఇస్త గని, నీ చేతి ముడితోని ఊర్లెకు పోను" అన్నది. అన్నట్టే పోలేదు. పెండ్లిళ్ళు మానుకున్నది, పేరంటాలు మానుకున్నది, ఆఖరికి వాకిట్ల కూసునుడు కూడ మానుకున్నది.

జనగామ దవాఖానకు తీసుకపోయినం. అక్కడ కసరత్తులు నేర్పే పిల్ల ఆమెను గోడకు ఎదురుగ నిలవెట్టి, చీమలు ఎక్కినట్టు వేళ్ళను మెల్లగ పైకి నడిపించమన్నది. "నొప్పి మొదలైన కాడ ఆగాలె అమ్మా. బలవంతం చేయొద్దు, రోజు తప్పొద్దు. నెలలు పడ్తది" అని చెప్పింది. తిరిగొచ్చే బస్సులో అత్తమ్మ నసుగుడు ఆపలే. "గోలీ లేదు, సూది లేదు. గోడ గోకుమని చెప్పెటందుకు గంత పెద్ద దవాఖాననా?"

అయినా మొదలువెట్టింది. పొద్దున తానం చేసి, బొట్టు పెట్టుకొని, నడిమింటి గోడ ముందర నిలవడి కుడిచేతి వేళ్ళు ఎక్కించేది. ఎక్కడిదాకా అందితే అక్కడ ఎడమ చేత్తోని ఇంత కుంకుమ అద్దేది. మూడు వారాలు చుక్క మీద చుక్కే పడ్డది గని పైకి పోలే. "ఇగ నా చెయ్యి గింతే" అని మానేసింది. నేను వాదించిన, బతిమాలిన, మళ్ళ వాదించిన. నా వాదనతోని ఇప్పటిదాకా ఎవరూ మారలేదన్నది వేరే సంగతి.

నాలుగు రోజులకు పక్కింటి చిన్నత్త చల్ల కోసం వచ్చింది. పత్తి ఏరీ ఏరీ ఆమె భుజాలు కూడ పట్టేసి ఉన్నయి. గోడ మీద కుంకుమ చూసి, దండం పెట్టి, కొప్పులోని బంతిపువ్వు తీసి గోడ కింద పెట్టింది. "ఏం దేవుడే అక్కా?" నేను నోరు తెరిచేలోపల అత్తమ్మ కండ్లు ఉరిమింది.

"భుజాల దేవుడు చెల్లె. పువ్వులకు పలుకడు. ఏళ్ళతోని గోడ ఎక్కాలె, పొద్దుకు పదిసార్లు. నొప్పి కాడ ఆగాలె. ఆగకుంటే ఆయినకు కోపమొస్తది."

చిన్నత్త పోయినంక కొట్లాడిన. "గంత అబద్ధమా అత్తమ్మా?"

"దవాఖానల చెప్పిన్రని నేను జేసిన. ఇరవై రోజులకే ఇడిసిపెట్టిన. దేవుడంటే అది ఇడువది" అన్నది.

చిన్నత్త నిజంగనే ఇడువలే, రోజూ పొద్దున మా గోడకాడికొచ్చి తన చుక్క తను పెట్టుకునేది. నెల తిరిగేసరికి, అంత పొట్టి మనిషి చుక్క అత్తమ్మ చుక్కను దాటింది. ఆ పొద్దు అత్తమ్మ చాయ్ చల్లారేదాకా గోడనే చూసింది. తెల్లారి చిన్నత్త కంటే ముందు తనే గోడకాడ ఉన్నది. ఇగ ఇద్దరికీ ఒకటే పోటీ. వేడినీళ్ళ బట్టతోని కాపుకునుడు, ముచ్చట్లు, "ఆగవే, నొప్పి కాడ ఆగుమన్నరు గద" అని ఒకరినొకరు అదిలించుకునుడు. కొన్ని దినాలు చుక్క కిందికి కూడ దిగేది. అట్ల ఉగాది దాటింది, వానలు పడ్డయి. నా మనసు ఒప్పక ఒకనాడు చిన్నత్తకు అసలు సంగతి చెప్పిన. ఆమె నవ్వింది. "రెండోనాడే ఎరుకయింది బిడ్డా. చెయ్యి లేస్తున్నది, మానెయ్యాల్నా మరి?"

నాట్ల దినాలలో ఒక పొద్దున నేను దువ్వెన పట్టుకొని పోయేసరికి, అత్తమ్మ రెండు చేతులూ తల వెనుక పెట్టి ముడి తిప్పుతున్నది. కుడి చెయ్యి వణుకుతున్నది గని దిగలేదు. ముడి జర ఎడమకు ఒరిగింది. నేను దువ్వెన తీసుకపోయి గూట్లె పెట్టిన. ఆమె చీర కుచ్చిళ్ళు దులుపుకొని, "పేరంటం ఉన్నది, పోయొస్త" అని ఎవరి తోడూ అడుగకుంట వాకిలి దాటింది. వయసు మీదవడుతదని అందరం అంటం గని, ఆమె అట్ల నడిచిపోతుంటే కాలమే జర పక్కకు జరిగి తొవ్వ ఇచ్చినట్టు అనిపించింది.