మునిగిన పడవ, నా చేతిలో తాడు

మెట్‌పల్లిలో అంగడి రోజు. బడి నుంచి అన్నానికి వచ్చేసరికి మా ఇంటి ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల పైకి కట్టిన పంచె, ఎండకు నల్లబడిన ఒళ్లు. గోదావరి రేవులో చేపలు పట్టే గంగపుత్రుణ్ణని చెప్పాడు.

"మునిగిన పడవ దొరికింది సారూ. బండల సందున ఒక పక్కకు ఒరిగి ఉన్నది. మీ అక్క మిషన్ అండ్లనే ఉన్నది."

అంతకు నెల కిందట, బావ పోయిన తర్వాత, మా అక్క గోదావరి అవతల, ఆదిలాబాద్ వైపున్న అత్తగారి ఊరు వదిలి మా ఇంటికి బయలుదేరింది. సామానుతో పాటు బావ కొనిచ్చిన చేతి కుట్టుమిషన్ కూడా పడవలో ఎక్కించింది. నడి ఏట్లో పడవ బండకు తగిలి మునిగింది. మనుషులందరూ ఒడ్డున పడ్డారు. సామాను పోయింది. మిషన్ సంగతి, మా ఊరి పేరు రేవులో వాళ్లకు చెప్పి వచ్చింది అక్క. బతికి వచ్చిన అక్క మా గడపలో అడుగుపెట్టి అన్న మొదటి మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మిషన్ పోయింది తమ్మీ. ఇగ నీ ఇంట్ల కూసుండి తినుడే."

ఆమె భయమంతా అదే. మిషన్ ఉంటే తన కూడు తాను తినగలదు. లేకపోతే తమ్ముడి ఇంట్లో చేయి చాచాలి. మరొకటి కొనే స్తోమత బడిపంతులునైన నాకు లేదు.

ముసలాయన మంచి కబురు తెచ్చాడు. నేను మాత్రం బడి జవానును నిలదీసినట్టు అడిగాను.

"నీ కండ్లతోటి చూసినవా?"

"కండ్లతోటి ఏడ కనవడ్తది సారూ? నీళ్లు ఇంక ఎర్రగనే ఉన్నయి. మేం చేతులతోటే చూస్తం."

"మరి మిషన్ అని ఎట్ల తెలిసింది?"

"చక్రం తగిలింది. తిప్పే పిడికి గుడ్డ చుట్టి ఉన్నది."

లోపలి నుంచి అక్క పరుగున వచ్చింది. "నాదే తమ్మీ! పిడి పగిలితే కొంగు చింపి నేనే చుట్టిన."

ఆమెకు రుజువైన మాట నాకు అనుమానమైంది. రెండు నిలువుల లోతున, బురద నీళ్లలో, పిడికి గుడ్డ ఉందని తెలుస్తుందా? మిషన్‌ను ఎప్పుడో బయటికి తీసి, గుడిసెలో పెట్టుకొని చూసి ఉంటాడు. ఇప్పుడు ఏదో ఆశించి వచ్చాడు.

"దొరికితే నువ్వే ఎందుకు తీసుకరాకపోయినవ్?"

"అట్ల తియ్యం సారూ. ఎవల వస్తువో వాళ్లు పడవల కూసుండి తాడు పట్టాలె. నేను ఆ తాడు నడుముకు కట్టుకొని దిగుత. వాళ్లు లేకుంట తీస్తే దొంగతనమంటరు మా కులంల."

"మంచి కట్టుబాటే. వచ్చే అంగడికి చెప్త పో."

"అంగడి దాక ఏరు ఆగదు. నీళ్లు తీస్తున్నయి, ఇసుక మేట వేస్తది. జర జల్దీ రండ్రి." అక్క ఇచ్చిన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక అక్క నన్ను వదల్లేదు. "నీ ముక్కుకు అనుమానం తప్ప ఇంకో వాసన రాదారా?"

"నెల రోజులు నీళ్లల నానిన ఇనుము ఏం పనికొస్తదక్కా?"

"కిరసనాయిల్‌ల నానవెడ్త. ఇప్పుకొని తుడుసుకుంట. నీకెందుకు ఫికర్?"

వారం రోజులు లెక్కలు వేస్తూ గడిపాను. బడికి సెలవు పెట్టాలి, బండి అడగాలి, నీళ్లంటే వణికిపోతున్న అక్కను మళ్లీ అదే ఏట్లో పడవ ఎక్కించాలి. ఇంత చేసినా ముసలాయన మునిగి లేచి "కొట్టుకపోయింది" అంటే ఏం చేయగలం? ఈ ప్రశ్నలన్నీ తెలివైనవే అనుకున్నాను. అరుగు మీద కూర్చున్న అక్క కుడిచేయి మాత్రం తనకు తెలియకుండానే గాలిలో తిరుగుతూ ఉండేది, చక్రం తిప్పుతున్నట్టు. అది చూసి కూడా నేను కదల్లేదు.

చివరికి అక్కే అంది, "నువ్వు రాకుంటే ఒక్కదాన్నే పోత." అప్పుడు బయలుదేరాను. మిషన్ కోసం అని అక్కతో చెప్పాను. నిజానికి నేను వెళ్లింది దొంగను పట్టుకోవడానికి.

రేవులో ముసలాయన మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు. ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. దానికీ అనుమానపడ్డాను. పడవను బండల దగ్గరికి నడిపి, నీళ్లకు దండం పెట్టి, నడుముకు తాడు కట్టుకున్నాడు. రెండో కొస అక్కకు ఇవ్వబోయాడు.

"పట్టు బిడ్డా. నేను మూడుసార్లు గుంజినంకనే లాగాలె. అప్పటిదాక తాడు వదులుగ ఉండనియ్యి."

"మంచిది కాకా," అని అక్క చేయి చాచింది. నేను మధ్యలో అందుకున్నాను. ఆమెకు అంత బలం ఎక్కడిదన్నాను. ముసలాయన నా ముఖం వైపు ఒకసారి చూశాడు.

"వస్తువు ఆమెది గద సారూ."

"ఆమె తమ్ముణ్ణి నేను. దిగు."

దిగాడు. తాడు నా అరచేతుల్లోంచి జారుతూ నిటారుగా కిందికి పోయింది. కాసేపటికి పక్కకు తిరిగింది. పడవ ఉందన్న చోటు నుంచి దూరంగా, బండల వెనక్కి పోతోంది. బుడగలు రావడం లేదు. మిషన్‌ను బండల మాటున దాచి, మేం వెళ్లాక తీసుకుంటాడన్న ఆలోచన నాకు నిమిషంలో నిజమైపోయింది. తాడులో ఒక్క గుంజు కూడా రాలేదు. నా వెనక అక్క నీళ్ల భయంతో కళ్లు మూసుకొని కూర్చుంది. బలమంతా పెట్టి లాగాను.

నీళ్ల కింద ఏదో బరువుగా కదిలింది, తర్వాత జారింది. ముసలాయన దగ్గుతూ పైకి తేలాడు. భుజం మీద చర్మం చీరుకుపోయి నెత్తురు కారుతోంది. పడవ అంచు పట్టుకొని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఆ తర్వాత పిడికిలి విప్పి అక్క ముందు పెట్టాడు. అందులో తడిసిన పాత చీర పేలిక.

పడవ ఇసుకలో కూరుకుపోయిందట. పైనుంచి దారి లేక, బండ చుట్టూ తిరిగి కింది నుంచి చెయ్యి పెట్టాడట. మిషన్ రెండు చేతుల్లోకి వచ్చిన క్షణాన నేను లాగాను. అది చేయి జారి బండల వెనక మడుగులో పడింది. అక్కడ అడుగు ఎవరికీ అందదట. ఇదంతా ఆయన దగ్గుకు దగ్గుకు మధ్య చెప్పాడు. నేను లాగిన సంగతి ఒక్కటి వదిలేశాడు.

"ఏమైంది కాకా? తాడెందుకు బిగిసింది?" అక్క అడిగింది.

ఆయన నా వైపు చూడకుండా అన్నాడు, "బండకు చిక్కింది బిడ్డా."

ఎనిమిది రోజులుగా నేను ఆయన మాటల్లో అబద్ధం వెతికాను. ఆయన నా ముందు ఆడిన అబద్ధం అదొక్కటే. అది నా కోసం.

తిరిగి వస్తుంటే బండిలో అక్క పేలికను ఆరబెడుతూ అడిగింది. "నిజంగ చిక్కిందా తమ్మీ?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. దారిలో ఎవరూ లేరు. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"చిక్కిందక్కా," అన్నాను.

ఆ తర్వాత అక్క చేతి కుట్టుతోనే రవికలు కుట్టింది. మిషన్ మీద పూటలో అయ్యే పనికి రెండు రోజులు పట్టేది. కొన్నేళ్లకు చూపు మందగించింది. నేను బడి నుంచి రాగానే సూది, దారం పట్టుకొని నా దగ్గరికి వచ్చేది.

"జర ఎక్కియ్యి తమ్మీ. నీ చెయ్యి కుదురుగ ఉంటది."

నేను ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఆమె పోయేదాకా ఎక్కిస్తూనే ఉన్నాను, తాడు సంగతి చెప్పకుండానే.