బేరంలో పెట్టిన పేరు

రెండువేల సంవత్సరం దాటాక కొన్నాళ్ళు విజయవాడలో నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అద్దె గది, నాలుగు కంప్యూటర్లు, మాటిమాటికీ పోయే కరెంటు. అడ్వాన్సు పెంచుతావా, ఖాళీ చేస్తావా అని ఓనరు పీక మీద కూర్చున్నాడు. నా దగ్గర అమ్మడానికి మిగిలింది ఒకటే. చేపల పేరుతో ఒక డాట్‌కామ్. నెట్‌లో ఒక పేరు ముందు ఎవరు రిజిస్టర్ చేయించుకుంటే వాళ్ళదే అని విని, సరదాకి చేయించుకున్నాను. హనుమాన్ జంక్షన్ చేపల వ్యాపారి ఒకాయన అది కావాలని వచ్చాడు. పేరు అమ్ముడైతే సెంటరు నిలుస్తుంది, లేకపోతే మూతే.

బేరానికి మా బాబాయిని పిలిచాను. కంకిపాడు చుట్టుపక్కల పొలాల బేరాలన్నీ ఆయనవే.

"ఎన్ని గజాలే అది?"

"గజాలు కాదు బాబాయ్, అక్షరాలు. ఎంత తక్కువుంటే అంత ధర."

"గజాలు తగ్గితే రేటు పెరుగుతుందా? మీ చదువులు తగలెయ్య!"

పలకడానికి తేలిగ్గా ఉండాలి, వినగానే టైపు చెయ్యగలగాలి, డాట్‌కామ్ అయితే గిరాకీ, అన్నిటికీ మించి దాంతో అవసరం ఉన్నవాడు తగలాలి అని ఓపిగ్గా చెప్పాను.

"అంటే రోడ్డు పక్క బిట్టు. అవసరం వాడిది. ఇక నువ్వు మాట్లాడకు," అన్నాడు.

వ్యాపారి వచ్చిన ప్రతిసారీ బాబాయ్ టీ తెప్పించి, వానల గురించి, కొల్లేరు గురించి మాట్లాడి పంపేసేవాడు. ధర మాత్రం చెప్పడు. ముందు చెప్పినవాడు ఓడిపోతాడట. ఈలోగా పేరుకి గడువు దగ్గరపడింది. ఏటా డబ్బు కట్టకపోతే పేరు పోతుందని మొత్తుకున్నాను.

"రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్ళీ కట్టడమేంటే? సరే, ఏదో శిస్తనుకుందాం. బేరంలో పెట్టిన స్థలం మీద బకాయిలు కొనేవాడే కట్టుకోవాలి. మా దగ్గర అంతే," అని వ్యాపారికీ అదే చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపాడు. నాకు లోపల పీకుతూనే ఉంది. కానీ మా ఇంట్లో బాబాయ్ మాటంటే మాటే.

కొన్ని నెలలకి ఆ వ్యాపారి పెద్ద కొరమీను పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"మీరు చెప్పినట్టే కట్టేశానండీ. కాస్త ఆలస్యమైంది లెండి. నెట్‌లో కట్టబోతే ఈ పేరు ఖాళీగా ఉంది, కావాలా అని కంప్యూటరే అడిగిందండీ. కావాలన్నాను. నా పేరు మీదే వచ్చేసిందండీ. ఇంకేమన్నా రాయించుకోవాలా అండీ?"

ఆ కొరమీనుతోనే బాబాయిని కొట్టాలనిపించింది.

బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. "పోనీలేవే. ఆ కట్టే ఖర్చేదో మన నెత్తిన పడలేదుగా," అన్నాడు.

ఆ నెలాఖరుకి సెంటరు మూసేశాను. కంప్యూటర్లు ఆటో ఎక్కిస్తుంటే ఏడుపు ఆగలేదు.

తర్వాత ఆ చేపలాయన లారీలు కొన్నాడు. వెనక నిలువెత్తు అక్షరాల్లో ఆ పేరు. కారు నేను నడుపుతూండగా లారీ ముందు పడిందంటే చాలు, పక్క సీట్లో బాబాయ్ "మన పేరేనే అది!" అని మురిసిపోతాడు. నేను గన్నవరం దాకా హారన్ మీంచి చెయ్యి తియ్యను.